కోనసీమలో కొత్త ఇల్లు కడుతున్నాం. చెదలు పట్టకుండా ముందే ఏం చేయాలి?

గచ్చు వేయకముందే మందు కొట్టించండి, అసలు పని అక్కడే ఉంది. మన వైపు చాలా స్థలాలు కొబ్బరి తోట కొట్టి మెరక చేసినవే. మట్టిలో మిగిలిన మొద్దులు, వేర్లు, సెంట్రింగ్ చెక్క ముక్కలు చెదలకు విందు భోజనం. ముందు అవన్నీ ఏరించండి.

క్లోరోపైరిఫాస్ 20 శాతం మందైతే లీటరుకు 19 లీటర్ల నీళ్లు కలపాలి. పునాది గోతుల అడుగున, పక్కలకు, తర్వాత దిమ్మిసా కొట్టిన మెరక మట్టి మీద చదరపు మీటరుకు 5 లీటర్లు తడవాలి. పైపైన చల్లి వెళ్లిపోతే డబ్బు దండగే, దగ్గరుండి చూసుకోండి. వానలో, బురద మీద కొట్టించొద్దు. మన దగ్గర నీళ్లు పైనే ఉంటాయి కాబట్టి నుయ్యి, బోరు పక్కన అసలే వద్దు.

గచ్చు అయిపోయిందా? గోడ, నేల కలిసేచోట అడుగుకొకటి చొప్పున 12 మి.మీ. రంధ్రాలు వేసి, ఒక్కోదాంట్లో లీటరు మించకుండా మందు పోసి, సిమెంటుతో మూయిస్తారు. గుమ్మం పక్కన మట్టి గీత కనిపిస్తే గోటితో గీకండి. లోపల తెల్లటి పురుగులు కదులుతుంటే ఆలస్యం చేయొద్దు.