ఫ్లాంజి ఎందుకు కారుతుంది? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ గురించి: కొత్త గాస్కెట్ (రెండు ముఖాల మధ్య నలిగి, కారకుండా ఆపే పొర) వేసినా, గట్టిగా బిగించినా ఫ్లాంజి (పైపుల కొసలను కలిపే పళ్లెం లాంటి అంచు) కారుతోందని. వాటిలో ఐదింటికి జవాబులిస్తున్నాం. మొదటి ప్రశ్నకు జవాబు పొడవైంది. మిగతావాటికి అదే ఆధారం కాబట్టి దాన్ని వదలకుండా చదవండి.

ప్రశ్న (ఫిట్టరు, గాజువాక): 6 అంగుళాల స్టీమ్ లైను, క్లాస్ 300 (ప్రెషర్ తరగతి) ఫ్లాంజి. కొత్త స్పైరల్ వూండ్ గాస్కెట్ (లోహపు పట్టీని, మెత్తటి పట్టీని కలిపి చుట్టలా చుట్టినది) వేశాం. స్లాగింగ్ స్పానర్ పెట్టి, ఇక కదలదు అనేంత వరకు సమ్మెటతో కొట్టి బిగించాం. హైడ్రో టెస్టులో (నీళ్ల ప్రెషర్‌తో చేసే పరీక్షలో) చుక్క పడలేదు. స్టీమ్ వదిలాక రెండో రోజుకే కారడం మొదలైంది. గాస్కెట్ మార్చినా అదే తంతు. లోపం ఎక్కడుంది?

జవాబు: గాస్కెట్‌ను అనుమానించే ముందు స్టడ్ల (రెండు కొసలా నట్లు పట్టే మరల కడ్డీల) సంగతి చూడండి. నట్టు కదలకపోవడం వేరు, స్టడ్ సాగి ఉండటం వేరు. ఫ్లాంజిని మూసి ఉంచేది ఆ సాగుడే. సాగిన స్టడ్ స్ప్రింగులా వెనక్కి లాగుతూ ఉంటేనే గాస్కెట్ నలిగి ఉంటుంది.

మీ జాయింటుకు ముప్పావు అంగుళం స్టడ్లు 12 ఉంటాయి. అవి బీ7 రకం (స్టడ్లకు మామూలుగా వాడే మిశ్రమ ఉక్కు) అనుకుందాం. ఒక్కో స్టడ్‌లో 345 మెగాపాస్కల్ (50,000 పీఎస్‌ఐ) ఒత్తిడి వచ్చేలా బిగిస్తే సుమారు 67 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 6.8 టన్నుల లాగుడు పుడుతుంది. పన్నెండూ కలిస్తే 80 టన్నులు దాటుతుంది. ఇంత లాగుడుకూ ఒక్కో స్టడ్ సాగేది సుమారు 0.16 మి.మీ. మాత్రమే. రెండు ఫ్లాంజిల మందం, మధ్యలో గాస్కెట్ కలిపినా నట్టుకూ నట్టుకూ మధ్య 76 మి.మీ. ఉంటుంది, అంత పొట్టి స్టడ్ ఇంతకన్నా సాగదు. ఇప్పుడు గాస్కెట్ ఇంకో 0.05 మి.మీ. కుంగిందనుకోండి, లేదా నట్టు కింద ఉన్న పెయింటు పొర అంత మేర నలిగిందనుకోండి. బిగువులో మూడో వంతు పోయింది. పైకి చూస్తే నట్టు ఎక్కడిదక్కడే ఉంటుంది, చేత్తో తిప్పితే తిరగదు కూడా. అందుకే నట్టు ఆనే చోట ఫ్లాంజి వెనక భాగాన్ని గీకి, పెయింటూ తుప్పూ లేకుండా లోహం కనిపించేలా చేయాలి. దీన్ని చాలా చోట్ల వదిలేస్తున్నారు.

సమ్మెటతో కొడితే ఏ స్టడ్‌కు ఎంత లాగుడు వచ్చిందో ఎవరికీ తెలియదు. పైగా ఒక స్టడ్ బిగించినప్పుడు గాస్కెట్ అక్కడ నలిగి, పక్కనున్న స్టడ్లు వదులవుతాయి. మొదట పూర్తిగా బిగించిన స్టడ్, పక్కవి రెండూ బిగించేసరికి తన బిగువులో చాలా భాగం పోగొట్టుకుంటుంది. ఒకే విడతలో చుట్టూ బిగించుకుంటూ పోతే 12 స్టడ్లలో 12 రకాల లాగుడు మిగులుతుంది.

హైడ్రో టెస్టు చల్లటి నీళ్లతో, కొద్దిసేపు జరిగేది. స్టీమ్ రాగానే ఫ్లాంజి ముందు వేడెక్కి వ్యాకోచిస్తుంది, స్టడ్లు ఇంకా చల్లగానే ఉంటాయి. ఆ కాసేపు లాగుడు పెరిగి గాస్కెట్ మరింత నలుగుతుంది. తర్వాత స్టడ్లు కూడా వేడెక్కి పొడవు పెరిగేసరికి లాగుడు మొదటికన్నా తగ్గిపోతుంది. అన్నిటికన్నా తక్కువ బిగువున్న చోట కారడం మొదలవుతుంది. హైడ్రోలో నిలిచి వేడికి కారిందంటే గాస్కెట్ రకం తప్పని కాదు, చాలాసార్లు బిగువు అసమానంగా ఉందని అర్థం.

ఇక చేయాల్సిన పద్ధతి. అమెరికన్ ప్రమాణం ఏఎస్‌ఎంఈ పీసీసీ-1లో ఉన్నది ఇదే. స్టడ్లకు గడియారం ముళ్లు తిరిగే దిశలో 1 నుంచి 12 దాకా చాక్‌పీసుతో అంకెలు వేయండి. చేత్తో నట్లన్నీ ఆనించాక 15 నుంచి 30 న్యూటన్ మీటర్లతో ఒక్కసారి సర్దండి. తర్వాత పూర్తి టార్క్‌లో (టార్క్ అంటే నట్టును తిప్పే బలం, దాని లెక్క తర్వాతి జవాబులో ఉంది) 20-30 శాతం, ఆపైన 50-70 శాతం, ఆపైన 100 శాతం. ఈ మూడు విడతలూ ఎదురెదురు వరసలో సాగాలి: 1-7-4-10, తర్వాత 2-8-5-11, తర్వాత 3-9-6-12. ప్రతి విడత అయ్యాక ఫ్లాంజిల మధ్య సందును చుట్టూ ఎనిమిది చోట్ల కొలవండి. ఒక పక్క సందు ఎక్కువగా ఉంటే ముందు ఆ పక్క స్టడ్లు బిగించి సరిచేసుకున్నాకే తర్వాతి విడతకు వెళ్లండి. నాలుగో విడత పూర్తి టార్క్‌తో, వరసగా చుట్టూ. ఒక్క నట్టు కదిలినా మళ్లీ మొత్తం చుట్టూ తిరగాలి. ఏదీ కదలకపోతేనే అయినట్టు. వీలుంటే కనీసం 4 గంటలు ఆగి ఇంకో చుట్టు తిరగండి. గాస్కెట్ కుంగడం, నట్ల కింద సర్దుకోవడం ఎక్కువగా జరిగేది ఈ గంటల్లోనే. ఆ చుట్టులో దాదాపు ప్రతి జాయింటులోనూ కొన్ని నట్లు కదులుతాయి.

మీ స్పైరల్ వూండ్ గాస్కెట్ మొదట 4.5 మి.మీ. మందం ఉంటుంది. సరిగ్గా నలిగితే 3.3 మి.మీ. దగ్గరికి వచ్చి, దాని బయటి రింగు ఫ్లాంజికి ఆనుతుంది. విప్పి తీసిన పాత గాస్కెట్‌ను పారేయకుండా వర్నియర్‌తో చుట్టూ కొలిచి చూడండి. ఒక పక్క 3.3, ఎదుటి పక్క 3.9 వస్తే మీ ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది.

ప్రశ్న (ట్రైనీ ఇంజనీరు, రామగుండం): టార్క్ టేబుల్‌లో ముప్పావు అంగుళం స్టడ్‌కు ఒక చోట 200, ఇంకో చోట 270 న్యూటన్ మీటర్లు అని ఉంది. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ సరైనవే కావచ్చు. మనం స్పానర్ మీద పెట్టే శ్రమలో దాదాపు సగం నట్టు కింది రాపిడికి, ఇంకో 40 శాతం మరల (థ్రెడ్ల) రాపిడికి పోతుంది. స్టడ్‌ను సాగదీసేది మిగిలిన 10 శాతమే. కాబట్టి రాపిడి కొంచెం మారినా స్టడ్‌లో లాగుడు చాలా మారిపోతుంది.

లెక్క తేలిక. టార్క్ అంటే నట్ ఫ్యాక్టర్ (రాపిడిని లెక్కలోకి తెచ్చే అంకె) × స్టడ్ వ్యాసం × కావలసిన లాగుడు. మంచి యాంటీ సీజ్ (మరలు పట్టుకుపోకుండా పూసే గ్రీజు లాంటి లేపనం) పూస్తే నట్ ఫ్యాక్టర్ 0.16 దగ్గర ఉంటుంది. 0.16 × 0.01905 మీటర్లు × 67,000 న్యూటన్లు, అంటే సుమారు 204 న్యూటన్ మీటర్లు. అదే ఫ్యాక్టర్ 0.2 అయితే 255 అవుతుంది. మీరు చూసిన రెండు టేబుళ్లలో ఒకటి యాంటీ సీజ్ పూసిన స్టడ్లకు, ఇంకోటి పూయనివాటికి అయి ఉంటుంది. టేబుల్ పైన ఆ సంగతి రాసి ఉంటుంది, కింద అంకె కన్నా ముందు అది చదవాలి. ఎంత ఒత్తిడిని లక్ష్యంగా పెట్టుకున్నారో కూడా చూడాలి.

తుప్పు పట్టి నట్టు బిగుసుకుపోయే స్టడ్లకు ఫ్యాక్టర్ 0.3 కూడా ఉండొచ్చు. అలాంటి స్టడ్‌ను 204తో బిగిస్తే వచ్చేది 36 కిలోన్యూటన్లు, కావలసినదాంట్లో సగం. టార్క్ రెంచ్ టిక్కుమంటుంది, రిజిస్టర్‌లో 204 అని రాస్తారు, జాయింటు కారుతుంది. అందుకే నట్టు మొత్తం స్టడ్ మీద వేళ్లతోనే స్వేచ్ఛగా తిరగాలి. తిరగకపోతే ఆ స్టడ్‌ను, నట్టును పక్కన పెట్టేయండి. యాంటీ సీజ్‌ను మరలకూ, తిప్పే నట్టు అడుగు ముఖానికీ పూయాలి. మరలకు మాత్రమే పూసి నట్టు కింద వదిలేస్తే సగం రాపిడి అలాగే ఉండిపోతుంది. గాస్కెట్‌కు, ఫ్లాంజి ముఖానికి మాత్రం ఒక్క చుక్క కూడా తగలకూడదు. గట్టిపరిచిన ఉక్కు వాషర్ వేస్తే నట్టు ప్రతిచోటా ఒకేలా జారుతుంది.

రెంచ్‌ను ఏడాదికి ఒకసారి లేదా 5,000 సార్లు వాడాక, ఏది ముందైతే అప్పుడు క్యాలిబ్రేషన్‌కు పంపండి. పిడికి పైపు తొడిగి లాగితే దాని అంకెకు విలువ లేదు.

ప్రశ్న (మెయింటెనెన్స్ సూపర్‌వైజరు, పాశమైలారం): మా ఫార్మా యూనిట్‌లో పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) లైనింగ్ ఉన్న పైపులు, గ్లాస్ లైన్డ్ రియాక్టర్లు ఉన్నాయి. ఎంత బిగించినా నెల తిరిగేసరికి యాసిడ్ చెమ్మ కనిపిస్తోంది. ఇంకా బిగించాలా?

జవాబు: వద్దు. పీటీఎఫ్‌ఈ ఒత్తిడి కింద మెల్లగా పక్కకు పారుతుంది, వేడిలో ఇంకా ఎక్కువగా. మీరు బిగించిన కొద్దీ అది పలచబడి బయటికి నెట్టుకువస్తుంది. వారం తర్వాత బిగువు మళ్లీ పడిపోతుంది. స్టీలు ఫ్లాంజికి వాడే టార్క్ దీనికి పనికిరాదు. లైనింగ్ పైపు తయారీదారు ఇచ్చే టేబుల్‌లో అంకెలు బాగా తక్కువగా ఉంటాయి, అవే వాడాలి. గ్లాస్ లైన్డ్ నాజిల్ మీద ఎక్కువ టార్క్ పెడితే గాజు పూత పెచ్చు ఊడుతుంది. ఆ రియాక్టర్ రిపేరుతో పోలిస్తే గాస్కెట్ ఖర్చు లెక్కలోకే రాదు.

ఈ జాయింట్లకు కావలసింది ఎక్కువ బలం కాదు, సరైన సమయంలో మళ్లీ బిగించడం. మొదట ఎదురెదురు వరసలో చిన్నచిన్న విడతలుగా బిగించండి. 24 గంటల తర్వాత అదే టార్క్‌తో మళ్లీ చుట్టూ తిరగండి. లైను మొదటిసారి వేడెక్కి, పూర్తిగా చల్లారాక ఇంకోసారి. ఈ పనులన్నీ గది ఉష్ణోగ్రతలోనే జరగాలి. వేడిగా ఉన్నప్పుడు మెత్తబడిన లైనింగ్‌ను బిగిస్తే చల్లారాక అది శాశ్వతంగా పలచబడి ఉంటుంది. బ్యాచ్‌కు బ్యాచ్‌కు మధ్య తరచూ వేడెక్కి చల్లారే లైన్లలో డిస్క్ స్ప్రింగ్ వాషర్లు వేస్తే బిగువు తగ్గిపోకుండా అవి కొంత మేర నిలుపుతాయి. ఏ జాయింటును ఎప్పుడు బిగించారో ట్యాగ్ మీద తేదీ రాసి కట్టండి, లేకపోతే మొదటిసారి వేడెక్కిన తర్వాత చేయాల్సిన పని ఖాయంగా మరచిపోతారు.

ప్రశ్న (పైపింగ్ ఫోర్‌మన్, జుబైల్, సౌదీ అరేబియా): షట్‌డౌన్ తర్వాత లైన్ స్టార్ట్ చేసేటప్పుడు కారుతున్న జాయింట్లను వేడి మీదే బిగించమంటారు. హాట్ బోల్టింగ్ అని ఒకరు, హాట్ టార్క్ అని ఒకరు. చేయొచ్చా?

జవాబు: ఇవి రెండు వేర్వేరు పనులు, కలిపి మాట్లాడితే ప్రాణాల మీదకు వస్తుంది. హాట్ బోల్టింగ్ అంటే లైను నడుస్తుండగా ఒక్కో స్టడ్‌ను విప్పి కొత్తది వేయడం. దానికి ముందు ఇంజనీరింగ్ లెక్క, రాతపూర్వక అనుమతి ఉండాలి. 12 స్టడ్ల జాయింటులో ఒకటి తీసిన ఆ నిమిషంలో మిగిలినవాటిలో ఏది అప్పటికే వదులుగా ఉందో ఎవరికీ తెలియదు.

హాట్ టార్క్, అంటే స్టార్టప్‌లో మళ్లీ టార్క్ వేయడం వేరు. కారని జాయింటుకు, ముందే అనుకున్న ప్రకారం, ఫ్లాంజి 120 నుంచి 230 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు చుట్టూ ఒకసారి చేసేది. గ్రాఫైట్ నింపిన స్పైరల్ వూండ్ గాస్కెట్లకు ఇది మేలు చేస్తుంది. రబ్బరు బంధకం ఉన్న ఫైబర్ షీట్ గాస్కెట్లకు మాత్రం వేడెక్కాక ముట్టుకోవద్దు. అవి వేడికి గట్టిపడి పెళుసవుతాయి, ఆపైన బిగిస్తే చిట్లుతాయి.

ఇప్పటికే కారుతున్న, ప్రెషర్ ఉన్న జాయింటును బిగించడం మూడో సంగతి. గాస్కెట్ ఒక పక్క తెగి ఉంటే మీ స్పానర్ దాన్ని పూర్తిగా ఊడగొట్టవచ్చు. హైడ్రోజన్, హైడ్రోకార్బన్, విషవాయువు, సూపర్‌హీటెడ్ స్టీమ్ లైన్లలో ప్రెషర్ దించి ఐసోలేట్ చేశాకే చేయి పెట్టాలని పట్టుబట్టండి. మాట వినకపోతే పర్మిట్ మీద సంతకం పెట్టవద్దు. మీరు ఆపగలిగే చోటు అదొక్కటే. విప్పేటప్పుడు కూడా మీకు అవతలి పక్క నట్లు ముందు వదులు చేయండి, లోపలిది ఏదైనా మిగిలి ఉంటే మీ మీదకు రాకుండా అటు పోతుంది. ప్రెషర్ లేదని తేలే వరకు ఏ నట్టూ పూర్తిగా తీయకండి.

ప్రశ్న (కాంట్రాక్టు ఫిట్టరు, కాకినాడ): పంపు సక్షన్ దగ్గర పైపు పక్కకు జరిగి ఉంటే స్టడ్లతోనే లాగి కలిపేస్తున్నాం. పాత స్టడ్లు, పాత గాస్కెట్ మళ్లీ వాడొచ్చా?

జవాబు: లాగి కలిపితే స్టడ్ల లాగుడు పైపును వంచడానికే సరిపోతుంది, గాస్కెట్‌కు మిగిలేది తక్కువ. మిగిలిన పైపు బలం పంపు నాజిల్ మీద పడి బేరింగు, మెకానికల్ సీలు తరచూ పోతాయి. మామూలు పైపు జాయింటులోనే రెండు ముఖాల మధ్య వాలు 0.8 మి.మీ., కేంద్రాల తేడా 1.5 మి.మీ., రంధ్రాల తేడా 3 మి.మీ. దాటకూడదు, పంపు దగ్గర హద్దులు ఇంకా తక్కువ. దాటితే సపోర్టు సరిచేయాలి, లేదా స్పూలు (ఆ పైపు ముక్క) కోసి మళ్లీ వెల్డు చేయాలి.

గాస్కెట్ మళ్లీ వాడకండి, ఎంత బాగున్నట్టు కనిపించినా సరే. ఒకసారి నలిగింది మళ్లీ అలా నలగదు. సమ్మెట దెబ్బలు తిన్న, లేదా పొడిగా బిగించిన స్టడ్లు 30 మి.మీ. కన్నా సన్నవైతే మార్చేయడమే చవక. కొత్త స్టడ్‌ను తిప్పే నట్టుకు ఒకటి రెండు మరలు మాత్రమే బయటికి కనిపించేలా పెట్టి, మిగిలిన పొడవంతా ఎదుటి పక్క వదలండి. తిప్పే నట్టు వైపు మరలు తుప్పు పట్టకుండా ఉంటాయి, వచ్చే షట్‌డౌన్‌లో గ్యాస్ కటింగ్ లేకుండా విప్పుకోవచ్చు.