ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు మార్చుకోవచ్చా?

గేమ్‌ల కోసం ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు మార్చడం దాదాపుగా కుదరదు. పేరుకు కార్డు అంటాం గానీ, లోపల విడిగా ఊడదీసే కార్డేమీ ఉండదు. గ్రాఫిక్స్ పని చేసే జీపీయూ చిప్పు, దాని చుట్టూ ఉండే వీర్యామ్ (గ్రాఫిక్స్ మెమరీ) చిప్పులు మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి ఉంటాయి. హీట్ పైపులు, ఫ్యాన్లు, చార్జరు వాటేజీ కూడా ఆ చిప్పుకి సరిపడేలా లెక్కగట్టినవే. ఊడదీసే గ్రాఫిక్స్ కార్డు పట్టే ఎంఎక్స్‌ఎం స్లాటున్న పాత మోడళ్లు, ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్ 16 లాంటివి మినహాయింపు.

లోపల మార్చలేకపోయినా, కొన్నిటికి బయటి నుంచి కార్డు కలిపే వీలుంటుంది. ఉదాహరణకు 4 జీబీ వీర్యామ్ ఉన్న జీటీఎక్స్ 1650 జీపీయూ గల ల్యాప్‌టాప్‌కి థండర్‌బోల్ట్ 3 అనే వేగవంతమైన పోర్టు కూడా ఉందనుకోండి. బయట ఈజీపీయూ (ఎక్స్‌టర్నల్ జీపీయూ) బాక్సులో డెస్క్‌టాప్ కార్డు పెట్టి వాడొచ్చు. అయితే ఆ లింకు వేగం సెకనుకు 40 గిగాబిట్లు మాత్రమే కాబట్టి కార్డు పూర్తి సత్తా బయటికి రాదు. ల్యాప్‌టాప్ తెర మీదే ఆడితే ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) ఇంకా తగ్గుతాయి, అందుకే మానిటర్‌ని నేరుగా కార్డుకే కలపండి. డేటా, చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే మామూలు యూఎస్‌బీ-సీ పోర్టుకి ఈ బాక్సు పనిచేయదు.

ర్యామ్ పెంచితే గ్రాఫిక్స్ మెమరీ కూడా పెరుగుతుందని చాలామంది పొరపడతారు. విడిగా జీపీయూ ఉంటే దాని 4 జీబీ వీర్యామ్ అంతే ఉంటుంది. ప్రాసెసర్‌లోనే ఉండి మామూలు ర్యామ్‌నే వాడుకునే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కైతే మాత్రం ఒక ర్యామ్ స్టిక్ బదులు రెండు వేస్తే డ్యూయల్ చానెల్ (రెండు దారుల్లో ఒకేసారి డేటా అందడం) వల్ల ఫ్రేములు బాగా పెరుగుతాయి.