రబ్బరు రింగు గీసిన గీత

ప్రశ్న: వాడేసిన వంటనూనె నుంచి కూడా విమాన ఇంధనం తీస్తున్నారట. కానీ సగానికి మించి కలపడానికి నిబంధనలు ఒప్పుకోవట. భద్రత పేరు చెప్పి మంచి టెక్నాలజీని తొక్కేస్తున్నట్టు కాదా?
- ఇంజినీరింగ్ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, బేగంపేట హ్యాంగర్లలో, తర్వాత శంషాబాద్‌లో విమానాల మరమ్మతులు చేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసి ఆ సగం గీత గీసింది చిటికెన వేలికి పట్టేంత రబ్బరు రింగు. మేం ఓ-రింగ్ అంటాం. పంపులు, పైపుల అతుకుల్లో ఇంధనం కారకుండా ఆపేది అదే. మామూలు ఇంధనంలో ఉండే ఆరోమాటిక్స్‌ని (బెంజీన్ జాతి హైడ్రోకార్బన్లని) పీల్చుకుని ఆ రబ్బరు కాస్త ఉబ్బుతుంది, ఆ ఉబ్బుతోనే అతుకు బిగుస్తుంది. వంటనూనె ఇంధనంలో ఆరోమాటిక్స్ దాదాపు ఉండవు. ఏళ్ల తరబడి ఉబ్బి ఉన్న పాత రింగు అందులో కుంచించుకుపోతుంది.

ఓసారి ఒక పంపు విప్పితే గట్టిపడిపోయిన రింగు ఒకటి చేతికొచ్చింది. గోటితో నొక్కగానే పుటుక్కుమంది. పంపు అడుగున తడి. ఆ తడి కాలే ఇంజిన్ మీద పడుంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇలాంటి లీకుల భయంతోనే 2009లో వచ్చిన ఏఎస్‌టీఎం డీ7566 అనే విమాన ఇంధన ప్రమాణం కొత్త ఇంధనం 50 శాతం దాటకూడదంది, కలిపాక ఆరోమాటిక్స్ కనీసం 8 శాతం ఉండాలంది. నేను దాన్ని తప్పుపట్టలేను. పైగా ఆ ప్రమాణానికి నిలిచిన మిశ్రమాన్ని మామూలు ఇంధనంగానే లెక్కగడతారు, ట్యాంకరు గానీ పైపులు గానీ మార్చక్కర్లేదు. 2023 నవంబరులో వర్జిన్ అట్లాంటిక్ సంస్థ విమానం ప్రత్యేక అనుమతితో లండన్ నుంచి న్యూయార్క్‌కి పూర్తిగా ఇలాంటి ఇంధనంతోనే వెళ్లింది. అందులో 12 శాతం మొక్కల చక్కెరల నుంచి చేసిన ఆరోమాటిక్ కిరోసిన్. రింగు అడిగింది రింగుకిచ్చారన్నమాట.

నాకు బాధ వేరే చోట ఉంది. పైలట్ శిక్షణకు వాడే చిన్న విమానాల్లో పోసేది నీలం రంగు పెట్రోలు. లీటరుకు 0.56 గ్రాముల దాకా లెడ్, అంటే సీసం కలుస్తుంది, ఇంజిన్ నాకింగ్ (లోపల ఇంధనం అదుపు తప్పి పేలడం) రాకుండా. పొద్దున్నే చిన్న గ్లాసులోకి కాస్త వంపి వెలుతురుకు పట్టి చూసేవాళ్లం: నీలంగా ఉందా, అడుగున నీటి బొట్టుందా అని. చూశాక అక్కడే నేల మీద పారబోసేవాళ్లం. మన బంకుల్లో లెడ్ పెట్రోలు 2000లోనే ఆగింది. లెడ్ లేని 100 ఆక్టేన్ విమాన పెట్రోలు ఒకదానికి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ అనుమతి దొరికేసరికి 2022 వచ్చింది. ఇంజిన్ ఆగకుండా చూడాల్సిందే, అందులో రాజీ లేదు. కానీ ఆ గ్లాసు పట్టుకున్న కుర్రాడి రక్తంలోకి వెళ్లే లెడ్‌ని కూడా భద్రత లెక్కలోనే రాసి ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదమ్మా.