మీ నాన్నని నవ్వించాలని చూడకు

చిరంజీవికి అత్తయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. పండగలు దగ్గర పడేకొద్దీ నాన్న ముడుచుకుపోతున్నారు, ఏం చేస్తే సంతోషంగా ఉంటారో చెప్పమన్నావు. ముందు ఆ ప్రశ్న పక్కన పెట్టు. వదిన పోయి ఏడాది కూడా తిరగలేదు. ఈ పండక్కి ఆయన సంతోషంగా ఉండటం ఆయన వల్ల కాదు, నీ వల్ల అసలే కాదు. దిగులుగా ఉన్నా సరే, నలుగురిలో తన చోటు తనకుందని ఆయనకి తెలియాలి. మనం చేయగలిగింది అంతవరకే.

"నాన్న బాధపడతారని ఎవరం అమ్మ పేరు ఎత్తడం లేదు" అని కూడా రాశావు. ఆయన మరిచిపోయి ఉంటే కదరా మీరు గుర్తు చేసేది! మీరు బాధపడతారని ఆయన ఎత్తడు, ఆయన బాధపడతాడని మీరెత్తరు. ఈ మర్యాదలో మీ అమ్మ అసలు ఆ ఇంట్లో ఎప్పుడూ లేనట్టే అయిపోతోంది. అన్నయ్యని ఎక్కువ కోస్తున్నది అదేనని నా అనుమానం. పోయినవాళ్లతో బంధం తెంచుకుంటేనే మనిషి తేరుకుంటాడని ఒకప్పుడు మానసిక వైద్యులే గట్టిగా చెప్పేవాళ్లు. 1990లు వచ్చేసరికి ఆ మాట సడలింది. మనిషి పోయినా బంధం ఉంటుంది, దాని తీరు మారుతుంది, అది జబ్బేమీ కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నారు.

అందుకని ఆమె గురించి మాట్లాడు. అలాగని ఎదురుగా కూర్చుని "నాన్నా, అమ్మ గురించి మీ మనసులో ఏముందో చెప్పండి" అంటే నోరు మూసుకుంటాడు. చిన్న చిన్నవి అడుగు. "పెళ్లైన కొత్తలో మొదటి పండక్కి మీరెక్కడున్నారు?" "ఈ పని అమ్మ ఎట్లా చేసేది?" పిల్లల చేతికి పాత ఫోటోలిచ్చి ఆయన పక్కన కూర్చోబెట్టు, ఇందులో ఎవరున్నారు తాతయ్యా అని వాళ్లే అడుగుతారు. చెప్పిందే చెప్తున్నాడని విసుక్కోవద్దు. వయసు మళ్లినవాళ్లు పాత సంగతులు తవ్వుకోవడం చాదస్తం కాదు, బతికిన బతుకుని ఒకసారి సరిచూసుకోవడమని రాబర్ట్ బట్లర్ అనే అమెరికా మానసిక వైద్యుడు 1963లోనే రాశాడు. మాట్లాడుతూ కళ్లనీళ్లు పెట్టుకుంటే కంగారుపడి మాట మార్చకు. పక్కనే కూర్చో. "ఊరుకోండి" అని మాత్రం అనకు.

పొద్దున మనవడితో నవ్వి సాయంత్రానికి తలుపేసుకుంటే అది నటన కాదు, మొండితనమూ కాదు. దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు బతుకు వైపు ఇట్లా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడని 1999లో స్ట్రోబ్, షూట్ అనే ఇద్దరు పరిశోధకులు వివరించారు. నేను నర్సుగా చేసినన్నాళ్లూ బంధువులకి ఎక్కువగా చెప్పిన సంగతి ఇదే. తలుపేసుకుంటే వేసుకోనీ. గంట తర్వాత ఒకరు వెళ్లి తట్టండి చాలు.

ఇంకో మాట. "మీరు కూర్చోండి నాన్నా, అన్నీ మేం చూసుకుంటాం" అనకండి. అది గౌరవమనుకుంటాం కానీ, నీతో ఇక పనిలేదని చెప్పినట్టే. ఏదో ఒక నిజమైన పని ఆయనకి వదిలెయ్. ఆయన చేయకపోతే ఆగిపోయేదై ఉండాలి. ఊరికే కాలక్షేపానికిచ్చిన పనైతే ఇట్టే కనిపెట్టేస్తాడు, నీకు తెలుసుగా మీ నాన్న సంగతి. ఏం చేద్దాం, ఏం మానేద్దాం అన్నది కూడా వారం ముందే అడుగు. "మీ ఇష్టం" అంటాడు. అప్పుడు రెండు దారులు చెప్పి ఏదో ఒకటి తేల్చమను. మీ అమ్మ చేసినవన్నీ అచ్చం అట్లాగే చేసి చూపించాలని కోడలు తంటాలు పడొద్దు. చేసినా లోటు లోటే.

జనం మధ్య ఆయన మౌనంగా ఉంటే అదంతా దిగులే అనుకోకు, సగం చెవుల వల్ల కావచ్చు. వయసుతో వినికిడి తగ్గినవాళ్లకి టీవీ మోగుతూ ఐదారుగురు ఒకేసారి మాట్లాడుతుంటే మాటలు విడివిడిగా అందవు. అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వి, కాసేపటికి లేచి గదిలోకి వెళ్లిపోతారు. టీవీ కట్టెయ్. పక్కన ఒక్కరే కూర్చుని, ముఖం కనబడేట్టు నిదానంగా మాట్లాడండి.

అసలు కష్టం పండగ మర్నాడు. అందరూ బ్యాగులు సర్దుకుని వెళ్లాక ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోతుంది. ప్రేమంతా ఒక్కరోజే కుమ్మరించకుండా నువ్వో మీ అక్కో ఒకరు ఇంకో రెండ్రోజులుండండి. కుదరకపోతే తర్వాతి వారంలో ఏ రోజు ఎవరు ఫోన్ చేస్తారో వెళ్లేముందే ఆయనకి చెప్పి వెళ్లండి, చెప్పిన వేళకి చేయండి.

ఇదంతా దిగులు సంగతి. జబ్బు వేరు. దాదాపు రోజంతా, ప్రతిరోజూ, రెండు వారాలకి పైగా దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే, తిండి తగ్గి చిక్కిపోతుంటే, తెల్లవారుజామునే మెలకువొచ్చి మళ్లీ నిద్ర పట్టకపోతే డాక్టర్‌కి చూపించాలి. పెద్దవాళ్లు "మనసు బాగాలేదు" అనరు. ఒళ్లు నొప్పులంటారు, నీరసమంటారు, మతిమరుపొచ్చిందంటారు. థైరాయిడ్ తక్కువైనా, బీ12 లోపించినా మనిషి ఇలాగే డీలా పడతాడు. వాడే మందుల్లో కొన్ని కూడా అట్లా చేస్తాయి. అందుకే వెళ్లేటప్పుడు మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లు. డిప్రెషన్‌కి మందు రాసిస్తే గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులు వేసుకుని మానేయనీకు. నిద్రమాత్రలు వేసుకునే మనిషికి పండగ కదా అని ఎవరైనా గ్లాసు అందిస్తే అక్కడే ఆపు. రెండూ కలిస్తే ప్రమాదం.

"నేనుండి ఎవరికి ప్రయోజనం" లాంటి మాట వింటే నవ్వేసి దాటేయకు. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం ఉత్తదే. అడిగితే చాలామందికి బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకు, మాత్రలు నీ దగ్గర పెట్టుకుని అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లు. పండగ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

నీకూ అమ్మ పోయింది, అది మరిచిపోకు. అన్నీ నువ్వే నెత్తినేసుకోకుండా ఈ ఉత్తరం మీ అక్కకి కూడా చూపించి పనులు పంచుకోండి. మీ నాన్నకి మాత్రం చూపించకు. చెల్లెలు తనకి పాఠాలు చెప్తోందని తెలిస్తే నాతో పోట్లాటకి దిగుతాడు. ఆ మాటకొస్తే, దిగినా మంచిదే.

మీ అత్తయ్య