మీరు అడిగారు: ఊరి మీద మసి, గ్రీన్ స్టీల్ మాట

ప్రశ్న: మా ఊరు జడ్చర్ల, షాద్‌నగర్ మధ్యన ఉంటుంది. దగ్గర్లోనే స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ. పొద్దున లేచేసరికి మిద్దె మీద, ఆరేసిన బట్టల మీద మసి, ఏరడానికొచ్చిన పత్తి కూడా నల్లబడుతోంది. హైడ్రోజన్‌తో గ్రీన్ స్టీల్, అదే కాలుష్యం తక్కువ ఉక్కు, చేస్తారంటున్నారు కదా, అది మా దాకా ఎప్పుడొస్తుంది?

జవాబు: హైడ్రోజన్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. స్వీడన్‌లో 2021లోనే బొగ్గు బదులు హైడ్రోజన్ వాడి ఇనుము తీశారు, అందులో కార్బన్ డయాక్సైడ్‌కు బదులు నీటి ఆవిరి వస్తుంది, అదంతా నిజమే. కానీ ఆ హైడ్రోజన్ తయారీకి బోలెడంత కరెంటు, అదీ చౌకగా కావాలి. మన దగ్గరి చిన్న ప్లాంట్లు ఇప్పట్లో ఆ ఖర్చు మోయలేవు. ఆ పేరు చెప్పి ఇవాళ చేయగలిగిన పనులు ఆపితేనే అన్యాయం.

ముందు మీ మసి సంగతి. ఇనుప ఖనిజాన్ని, బొగ్గును కలిపి పొడవాటి తిరిగే కొలిమిలో వెయ్యి డిగ్రీల వేడి మీద ఉంచితే ఉక్కుకు ముడిసరుకైన స్పాంజ్ ఐరన్ వస్తుంది. ఆ పొగలో దుమ్మును పట్టేయడానికి ఈఎస్‌పీ అనే యంత్రం ఉంటుంది. అది సరిగ్గా నడిస్తే మీ మిద్దె మీద ఇంత మసి పడదు. దాన్ని ఆపినా, దాని దాకా పోనివ్వకుండా ఎమర్జెన్సీ చిమ్నీ మూత తెరిచి పొగ వదిలినా తెల్లారేసరికి ఊరంతా నలుపే. ఈ ప్లాంట్లకు కేంద్రం 2008లోనే ప్రత్యేక ప్రమాణాలు పెట్టింది కాబట్టి మీరేమీ బతిమాలాల్సిన పని లేదు. పొగ వదిలినప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి, తేదీ, టైం రాసిపెట్టుకోండి, నలుగురు రైతులు సంతకాలు చేసి కాలుష్య నియంత్రణ మండలికి కాగితం మీద ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాట ఫిర్యాదు ఎటూ తేలదు.

ఇక కంటికి కనపడని కార్బన్, అంటే గాల్లో కలిసే కార్బన్ డయాక్సైడ్. టన్ను ఉక్కుకు ప్రపంచ సగటు సుమారు 1.9 టన్నులైతే మన దేశంలో 2.5 దాకా ఉంది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ స్పాంజ్ ఐరన్ చేసేది మనమే, అదీ ఎక్కువగా బొగ్గుతోనే. అదే పాత ఇనుమును ఇండక్షన్ ఫర్నేస్‌లో, అంటే కరెంటు కొలిమిలో, కరిగిస్తే టన్నుకు ఆరేడు వందల యూనిట్ల కరెంటు సరిపోతుంది, మన గ్రిడ్ లెక్కన అది అర టన్ను కార్బన్‌కు అటూఇటూ, సోలార్ కలిస్తే ఇంకా తక్కువ. కరిగిన ఉక్కుతో పోసిన దిమ్మెను (బిల్లెట్‌ను) చల్లార్చి మళ్లీ కాల్చకుండా ఎర్రగా ఉన్నప్పుడే సలాకలుగా సాగదీసే రోలింగ్ మిల్లుకు పంపితే ఆ రెండోసారి ఇంధనం చాలావరకు మిగులుతుంది. కొలిమి నుంచి వచ్చే వేడి పొగతో బాయిలర్ నడిపి కరెంటు తీయొచ్చు. ఇవేవీ కొత్త టెక్నాలజీ కాదు, కావాల్సింది యజమానుల పట్టుదల, బ్యాంకు అప్పు.

ప్రశ్న: నల్గొండలో ఇల్లు కడుతున్నాం. గ్రీన్ స్టీల్ సలాకలు అడిగితే షాపులో ఆకుపచ్చ పూత ఉన్నవి చూపించారు. అవేనా?

జవాబు: కాదు. ఆ పూత తుప్పు పట్టకుండా వేసేది. 2024 డిసెంబరులో కేంద్ర ఉక్కు శాఖ ఇచ్చిన నిర్వచనం ప్రకారం టన్నుకు 2.2 టన్నుల కంటే తక్కువ కార్బన్‌తో తయారైతేనే గ్రీన్ స్టీల్, 1.6 కంటే తక్కువైతే ఐదు నక్షత్రాలు. అందుకు సర్టిఫికెట్ ఉంటుంది, అడగండి. బలానికి మాత్రం సలాకలకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 మార్కు, టెస్ట్ సర్టిఫికెట్ చూడాలి. పాత ఇనుముతో చేసిందని భయపడొద్దు, పరీక్షలో నిలిస్తే చాలు. ఇంకో మాట, మేస్త్రీ అంచనాతో కాకుండా ఇంజినీర్ డ్రాయింగ్ ప్రకారం సలాకలు కొనండి, అవసరానికి మించి వేస్తే మీ డబ్బూ దండగే, బొగ్గూ దండగే.