ఉమ్మడి బీడును జామాయిల్ తోటకు లీజుకు ఇవ్వవచ్చా?

సందేహం: మాది ఆదివాసీ గూడెం. మేకలు మేపుకునే, దుంపలు, వంటచెరకు తెచ్చుకునే ఉమ్మడి బీడును జామాయిల్ తోటకు 20 ఏళ్ల లీజుకు ఇమ్మని ఒక కాగితం కంపెనీ అడుగుతోంది. కింద ఉన్న వాగు ఎండిపోతుందని కొందరు భయపడుతున్నారు. ఏం చేయమంటారు?

సలహా: వారి భయానికి ఆధారం ఉంది. గడ్డి, పొదలు ఉన్న నేలల్లోనూ సాగు భూముల్లోనూ తోటలు వేసినచోట వాగుల ప్రవాహం సగటున 52 శాతం తగ్గినట్లు, 13 శాతం వాగులు కనీసం ఒక ఏడాది పూర్తిగా ఎండిపోయినట్లు 2005లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. గడ్డి పై పొర తేమతో సరిపెట్టుకుని వేసవిలో వడలిపోతుంది. ఏడాది పొడవునా పచ్చగా ఉండే జామాయిల్ లోతు తేమను కూడా తోడుకుంటుంది కనుక ఆ లోటు సాధారణంగా వేసవి చెలమల్లోనే ముందు బయటపడుతుంది. దక్షిణాఫ్రికా 1998 నాటి జల చట్టంలో కలప తోటలను ప్రవాహాన్ని తగ్గించేవాటిగా గుర్తించి, వాటికి అనుమతి తప్పనిసరి చేసింది ఇందుకే. జామాయిల్ వానలను ఆపేస్తుందన్న మాటకు మాత్రం ఆధారం లేదు. గట్ల మీద నాలుగు వరుసలు వేసుకునే రైతుకూ, వాగు పైభాగమంతా ఒకే చెట్టుతో నింపే లీజుకూ పోలిక లేదు.

కాగితాల్లో బీడు అని రాసినంత మాత్రాన అది పనికిరాని నేల కాదు. జామాయిల్ ఆకు మేకలు ముట్టవు, దట్టమైన తోట కింద మేత అంతగా మొలవదు, దుంపలు, మందు మొక్కలు పోతాయి, వంటచెరకు కోసం ఆడవారు మరింత దూరం నడవవలసి వస్తుంది. కూలి పని నాటేటప్పుడు, నరికేటప్పుడే ఎక్కువ. మధ్య సంవత్సరాల్లో ఉండేది స్వల్పం. కౌలు సొమ్ముతో పోల్చవలసింది వీటన్నిటి విలువను.

కనుక మొత్తం భూమిని ఇవ్వవద్దని నా సలహా. ఆదివాసుల భూములను ప్రభావితం చేసే పథకాలకు ముందుగా, స్వేచ్ఛగా, పూర్తి సమాచారంతో కూడిన సమ్మతి కోరాలని 2007 నాటి ఐక్యరాజ్యసమితి ప్రకటన చెబుతోంది. అందువల్ల ఆడవారితో సహా గూడెమంతా కూర్చుని చర్చించకుండా ఏ ఒక్కరూ సంతకం చేయకూడదు. కొంత భాగం ఇవ్వాలనే నిర్ణయిస్తే వాగు అంచులను, ఊటల పైభాగాన్ని, మేకల దారిని లీజు నుంచి మినహాయించండి. నరికిన మోడు మళ్లీ చిగురిస్తుంది కాబట్టి, గడువు తీరాక మొద్దులను సొంత ఖర్చుతో పెకలించే బాధ్యత కంపెనీదేనని ఒప్పందంలో రాయించండి.