నీలి టోపీలకు ఆదేశం ఎవరిది?

ప్రశ్న: నౌకాదళ దినోత్సవం నాడు ఆర్కే బీచ్‌లో విన్యాసాలు చూస్తూ, ఈ ఓడలు ఐక్యరాజ్య సమితి శాంతి దళంలోనూ పనిచేస్తాయా అని మా అబ్బాయి అడిగాడు. ఆ దళంలో చేరిన మన సైనికులు ఎవరి ఆజ్ఞ పాటిస్తారు? జీతం ఎవరిస్తారు?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: సాధారణంగా పనిచేయవు. మీరు చూసినవి తూర్పు నౌకాదళ నౌకలు. అవి ఏ సముద్రానికి వెళ్లినా ఢిల్లీ ఆదేశం మీదే వెళ్తాయి. 2004 సునామీ తర్వాత మన నౌకలు శ్రీలంకకు, ఇండోనేషియాకు సాయం తీసుకెళ్లినా, 2008 నుంచి ఏడెన్ సింధుశాఖలో సముద్రపు దొంగల బారిన పడకుండా వాణిజ్య నౌకలకు కాపలా కాస్తున్నా, అది భారత్ తనంతట తాను తలకెత్తుకున్న బాధ్యతే.

సమితి దళం సంగతి వేరు. సమితికి సొంత సైన్యం లేదు కనుక, భద్రతా మండలి తీర్మానించిన ప్రతిసారీ సభ్యదేశాలను బలగాలు అడగవలసిందే. వెళ్లిన సైనికుడి యూనిఫాం మనది, నీలి టోపీ సమితిది. రోజువారీ విధుల్లో సమితి నియమించిన ఫోర్స్ కమాండర్ మాట చెల్లుతుంది. తప్పు చేస్తే విచారణ మాత్రం మన సైనిక చట్టం ప్రకారమే జరుగుతుంది. జీతం మన ప్రభుత్వమే ఇస్తుంది. సమితి తలకు నెలకు సుమారు 1,400 డాలర్ల లెక్కన ప్రభుత్వానికి తిరిగి చెల్లిస్తుంది, అదీ తరచూ ఆలస్యంగానే.

శాంతి దళం అనగానే తుపాకీ పట్టని కొలువని అనుకోనక్కరలేదు. 1961 డిసెంబరు 5న కాంగోలోని ఎలిజబెత్‌విల్‌లో, రహదారిని దిగ్బంధించిన సుమారు 90 మంది సాయుధులపైకి కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా 16 మంది గూర్ఖాలతో దూకి, మెడలో తూటా దిగినా కుప్పకూలేవరకు పోరాడి మరణించారు. ఆయనకు పరమవీర చక్ర లభించింది. 2007లో లైబీరియాకు మనం పంపిన పోలీసు దళంలో అందరూ మహిళలే; సమితి చరిత్రలో అలాంటి దళం అదే మొదటిది.

నాకు అన్యాయమనిపించేది ఒకటుంది. ఈ విధుల్లో మన దేశం సుమారు 180 మందిని పోగొట్టుకుంది, మరే దేశమూ ఇంతమందిని కోల్పోలేదు. అయినా దళం ఎక్కడికి వెళ్లాలో, ఏం చేయాలో తేల్చే మండలిలో మనకు శాశ్వత స్థానం లేదు. మండలిలో లేని దేశాన్ని బలగాలు కోరేటప్పుడు, ఆ బలగాల వినియోగంపై చేసే నిర్ణయాల్లో పాలుపంచుకోమని దానిని ఆహ్వానించాలని సమితి నియమావళి 44వ అధికరణ చెబుతోంది. భారత్ దీన్ని తరచూ గుర్తుచేస్తూనే ఉంది. తాత్కాలిక సభ్యత్వం దక్కిన 2021-22లో మాత్రం కొంత వీలు చిక్కింది: 2021 ఆగస్టులో మండలికి అధ్యక్షత వహిస్తూ, శాంతి దళాలపై దాడి చేసినవారిని చట్టం ముందు నిలబెట్టాలనే తీర్మానాన్ని ఆమోదింపజేసింది.